చౌడు గోడ

పోయిన నెల ఒక మిత్రుడు హోసూరులో తాను కొనాలనుకుంటున్న ఇంటిని చూడమని నన్ను వెంట తీసుకుపోయాడు. గదుల్లో కొత్త రంగు వాసన ఇంకా ఘాటుగా ఉంది. ఇల్లు చూపించే బ్రోకరు కిటికీలు తెరుస్తూ, కుళాయిలు తిప్పుతూ మాట్లాడుతూనే ఉన్నాడు. నేను వెనక గది మూలకు పోయి, నేలకు జానెడు ఎత్తున గోడను వేలితో గట్టిగా రుద్ది, ఆ వేలిని నాలుకకు ఆనించుకున్నాను. సుద్ద రుచి తప్ప ఏమీ లేదు. బ్రోకరు మాట ఆగిపోయింది. మిత్రుడు నవ్వుతూ, "ఇది ఏ కాలేజీలో నేర్పిస్తారు?" అన్నాడు. కాలేజీలో కాదని మాత్రం చెప్పాను. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా ఆ సుద్ద చప్పదనం నాలుక మీద ఉండిపోయింది. దానితోపాటే నాగమ్మవ్వ గుర్తుకొచ్చింది. ఆమెను చూడనివాళ్ళకు ఆమె గురించి చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఆమెకు తెలుగు చదవడం రాదు, సంతకం తమిళంలో పెట్టేది. నేను కూడా ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పెరిగి, ఇరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నవాణ్ణే. ఇందులో ఎక్కడైనా తడబాటు ఉంటే అది నాది.

నేను సివిల్ డిప్లొమా చదివాను. హోసూరులో ఫ్యాక్టరీ షెడ్లకు డ్రాయింగులు వేసే కంపెనీలో పని చేస్తున్నాను. తమిళనాడులోని ధర్మపురి బజారులో మాకు పాత్రల అంగడి ఉంది. మావాళ్ళు ఎన్ని తరాల కిందట ఇక్కడికి వచ్చారో ఇంట్లో ఎవరికీ తెలియదు. అంగడి అన్నయ్య చూసుకుంటాడు కాబట్టి, నా జీతంలో మిగిలింది ఎక్కడ పెట్టుకోవాలన్నది నాకే వదిలేశారు. ఏ పనికైనా ముందు పట్టిక వేసుకోవడం నా అలవాటు. ఊరిని ఎనిమిది భాగాలుగా విడగొట్టి, ఒక్కోచోట ఇంటి వెల ఎంత, బాడిగ ఎంత, ఏడాదిలో ఎన్ని నెలలు ఖాళీగా ఉంటుంది అని రాసుకున్నాను. కలెక్టరాఫీసు వైపు కొత్త లేఅవుట్లలో ఇల్లు కొంటే వచ్చే బాడిగ బ్యాంకు వడ్డీకి కూడా చాలదు. కూలిజనం ఉండే సందుల్లో చిన్న ఇండ్లు కొంటే అంతే డబ్బుకు దాదాపు రెండింతలు వస్తుంది. ఇది నేను కనిపెట్టిన రహస్యమేమీ కాదు, కానీ అప్పుడు అలాగే అనిపించింది. ఆదివారాలు ధర్మపురికి వచ్చి, ముప్పై ఒక్క ప్రశ్నలున్న కాగితాన్ని అట్టకు తగిలించుకొని ఆ సందుల్లో తిరిగేవాణ్ణి.

అలా ఒక ఆదివారం చింతపండు గోదాముల వెనుక సందులోకి పోయాను. చింతపండు కాలం అది. గోదాములవాళ్ళు బస్తాలు ఇండ్లకు ఇచ్చేస్తారు, ఆడవాళ్ళు వాకిట్లో కూర్చొని చిన్న ఇనుప సుత్తితో కొట్టి గింజ, పీచు తీసి పెడతారు. సందంతా పులుపు వాసన, సుత్తుల చప్పుడు. అక్కడ ఏడు ఇండ్ల లైను ఒకటి ఉంది. లైను అంటే ఒకే కప్పు కింద వరుసగా ఒక్కో కుటుంబానికి ఒక గది, ఒక వంట మూల. కుళాయి, మరుగుదొడ్లు అందరికీ కలిపి. మొదటి ఇంటి ముందు ఐదుగురు ఆడవాళ్ళు చింతపండు కొడుతున్నారు. వాళ్ళలో పెద్దావిడ తలెత్తకుండానే తమిళంలో, "కరెంటు రీడింగా? మొన్ననే రాసుకొని పోయిరి కదా" అంది. కాదు, ఇండ్ల వివరాలు కావాలి, ఓనరు ఎక్కడుంటారని అడిగాను. పక్కనున్న అమ్మాయి సుత్తి ఆపి, "ఓనరమ్మ నీ ముందరే కూర్చుంది సార్" అని నవ్వింది. నేను నమ్మలేదు. అప్పుడే మా అమ్మ ఫోను వచ్చింది. ఇంకో గంటకు వస్తాను, అన్నం పెట్టేయకు అని తెలుగులో చెప్పి పెట్టేశాను. పెద్దావిడ అప్పుడు నా వైపు చూసింది.

"మనోడివేనా? ముందే చెప్పకూడదా. ఇంతసేపు అరవంలో చంపితివి."

కాగితంలో ఏముందో చదవమంది. గోడ మందం, కప్పు రకం, గది కొలత, కుళాయికి దూరం, మురుగు కాలువ వాలు, ఇలా ముప్పై ఒకటీ చదివాను. ఆమె గింజలు తీస్తూనే విన్నది. అన్నీ అయ్యాక, "ఇందులో బిందెలు యాడున్నాయి?" అని అడిగింది.

నాకు అర్థం కాలేదు.

"ఇల్లు అడగను వచ్చినోళ్ళను మీరెంతమంది అని అడిగితే నలుగురంటారు. దిగేటప్పుడు ఆరుమంది దిగుతారు. బిందెలెన్ని అని అడుగు. నీళ్ళు వారానికి రెండు తూర్లు వచ్చే సందు నాయనా ఇది. బిందెల కాడ ఎవురూ అబద్ధం చెప్పరు."

అదే ముప్పై రెండో ప్రశ్న అయింది. నేను రాసుకుంటుంటే అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు, సరిగ్గా రాసుకున్నానా లేదా అని చూస్తున్నట్టుగా నా చేతి వైపు చూసింది.

ఆమే నాగమ్మవ్వ. సొంతూరు వెల్లిచందై. మెట్ట పొలం, రెండు బోర్లు. భర్త పోయినాక కొన్నేండ్లు తానే సేద్యం చేసింది. రెండు బోర్లూ ఎండిపోయాక తన భాగం అమ్మి, ఆ డబ్బుతో ఈ ఏడు ఇండ్లు కట్టించింది. ఒక్కతే కూతురు, సేలంలో కాపురం. పక్క వీధిలో తనకంటూ మిద్దె కట్టుకునే శక్తి ఆమెకు ఉండేది. కట్టుకోలేదు. లైనులో మొదటి ఇంట్లోనే ఉండేది, అదే కుళాయి దగ్గర తన వంతుకు నిలబడేది. దీన్ని నేను మొదట పిసినారితనం అనుకున్నాను. తర్వాత ఒకసారి అడిగితే, "చేనికి ఆమడ దూరంలో ఇల్లు కట్టుకొని ఎవురన్నా సేద్యం చేస్తారా?" అంది. ఆమెకు అవి ఇండ్లు అనిపించేవి కావేమో. ఏడు మళ్ళు అనుకునేది. ఏ మడిలో నీళ్ళు నిలుస్తాయి, ఏ మడికి గాలి తగలదు, ఏ గట్టు తెగబోతోంది, ఇలాగే మాట్లాడేది.

ఆ ఎండాకాలం ఆమె నాలుగో ఇంట్లో ఉన్నవాళ్ళు పెన్నాగరం వెళ్ళిపోయారు. ఇంటికి కొత్తవాళ్ళు వస్తారని చెప్పి నన్ను ఆదివారం పొద్దున్నే రమ్మంది. పోయేసరికి ఖాళీ గదిలో చిన్న గ్యాసు స్టవ్వు పెట్టి రాగి సంగటి కెలుకుతోంది. ఎవరికి అని అడిగితే, "ఇంటికి" అంది. ఎవరు ఖాళీ చేసినా, కొత్తవాళ్ళకు ఇచ్చేముందు ఆమె ఆ ఇంట్లో ఒక రోజంతా ఉండేది. పొద్దున పొయ్యి వెలిగిస్తుంది, వండుతుంది, అక్కడే తింటుంది. గిన్నెలు తోముతుంది, ఒక చీర ఉతికి లోపలే ఆరేస్తుంది. మధ్యాహ్నం నేల మీద పడుకుంటుంది. సాయంత్రం లేచి, చేయవలసిన పనులు చెబుతుంది. ఆ రోజు నా దగ్గర లేజరు కొలత పరికరం ఉంది, గది నాలుగు మూలలూ కొలిచి అంతా సక్రమంగా ఉందని చెప్పాను. ఆమె మాత్రం తలుపు పైన జానెడు కన్నం కొట్టించమంది. పోపు పెట్టినప్పుడు పొగ వెనక గోడకు పోయి, కిందికి దిగి, సరిగ్గా బిడ్డను పడుకోబెట్టే చోట నిలిచిందట. ఉయ్యాల కొక్కెం కూడా ఆ చోటనే ఉంది. "నీ మిషనుకు దగ్గొస్తుందా?" అని అడిగింది. రాదన్నాను. "అయితే దానికేం తెలుస్తుంది" అని స్టవ్వు కట్టేసింది.

మరుసటి వేసవికి నేనూ ఐదు ఇండ్ల లైను ఒకటి కొన్నాను. ఆమె ఇంటికి రెండు సందుల అవతల, గోదాముల వరుసకు ఆనుకొని ఉంది. దాచుకున్నదంతా పెట్టి, మిగతాదానికి బ్యాంకు లోను తీసుకున్నాను. ఐదు బాడిగలూ వస్తేనే నెల కంతు దాటుతుంది అన్న లెక్క మీదే కొన్నాను. అవ్వ ఐదు ఆదివారాలు నా ఐదు ఇండ్లలో సంగటి వండింది. మొదటి ఇంట్లో బట్టలు ఉతికే బండ వాలు మార్చమంది. రెండో ఇంట్లో కిటికీ రెక్క తిప్పి పెట్టించమంది. మూడు, నాలుగు ఇండ్లకు ఏమీ చెప్పలేదు. మూడో ఇంట్లో నిద్ర బాగా పట్టిందని మెచ్చుకుంది కూడా. ఐదో ఇల్లు చివరిది, దాని అవతలి పక్క గోడ గోదాముకూ దానికీ ఉమ్మడి. ఆ రోజు మబ్బు పట్టి ఉంది. ఆమె వండింది, తిన్నది, చీర ఆరేసింది. సాయంత్రం నేను పోయేసరికి చీర అంచును రెండు వేళ్ళ మధ్య పట్టుకొని నిలబడి ఉంది. తర్వాత వంగి, ఆ ఉమ్మడి గోడను వేలితో రుద్ది, ఆ వేలు నాలుకకు ఆనించింది.

"ఇది ఎవురికీ ఇయ్యొద్దు."

"ఎందుకవ్వా?"

"చౌడు పట్టింది గోడ. ఇది ఆరదు."

నేను నా అట్ట తీశాను. నేల రోడ్డుకన్నా అడుగున్నర ఎత్తులో ఉంది. ఆ గోడలో ఏ పైపూ లేదు. కప్పు కారిన మచ్చ లేదు. కొనేముందు తడి కొలిచే మీటరు పెట్టి చూశాను, పొడిగా ఉంది. ఇవన్నీ వరుసగా చెప్పాను.

"కారుతుందని నేను చెప్పలేదు. ఆరదన్నాను. మీటరు ఎప్పుడు పెట్టినావు?"

"ఏప్రిల్లో."

"ఎండలో చౌడు నేల కూడా పొడిగానే ఉంటుంది నాయనా, తెల్లగా. మబ్బు పట్టినప్పుడు పోయి కాలు పెట్టి చూడు."

పొలం సంగతి గోడకు అంటగడుతోంది అనుకున్నాను. చదువుకున్న మర్యాదతో ఆ మాట పైకి అనలేదు, అంతే. మేస్త్రీని పిలిపించి లోపలివైపు తడి ఆపే పూత రెండుసార్లు వేయించి, పైన లేత నీలం రంగు కొట్టించాను. ఆడి నెల, అంటే తమిళుల ఆషాఢం, దగ్గరపడుతోంది. మా వైపు ఆడిలో ఎవరూ ఇల్లు మారరు. ఆడి పుట్టేలోపు ఇవ్వకపోతే ఆ ఇల్లు ఒక నెల ఊరికే ఉంటుంది, నా లెక్కలో ఆ నెలకు చోటు లేదు. ఆడికి నాలుగు రోజుల ముందు సెల్వి అనే ఆమె అడగడానికి వచ్చింది. భర్త లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు ఊళ్ళో ఉండడు. ఇద్దరు పిల్లలు, అత్త కుప్పమ్మాళ్. బిందెలెన్ని అని గర్వంగా అడిగాను. ఐదు అంది. ఇచ్చేశాను. పాలు పొంగించేటప్పుడు వాళ్ళు నన్ను పిలిచారు. కుప్పమ్మాళ్ కొత్త గోడను అరచేత్తో ఒకసారి తడిమి, లోటాలో పాలు నా చేతికిచ్చింది.

అవ్వకు నేను చెప్పలేదు, ఆమే చూసింది. "ఇచ్చినావా?" అని అడిగింది. పూత వేయించానని చెప్పాను. "సరే. నీ ఇల్లు" అంది. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. నేను ప్రతి నెలా ఐదు ఇండ్లకూ ఫోను చేసి అంతా సరిగా ఉందా అని అడిగేవాణ్ణి. సెల్వి ప్రతిసారీ "బాగుంది సార్" అనేది. నేను ఆ గడిలో టిక్కు పెట్టేవాణ్ణి.

సెప్టెంబరు నడుమ మొదలయ్యే పురట్టాసి నెలలో వారం పది రోజులు ముసురు పట్టింది. ఆ నెలలో కూడా మా వైపు ఇల్లు మారరు. ఆ శనివారం నేను హోసూరు నుంచి వచ్చి లైను వైపు పోతే ఐదో ఇంటి తలుపు తెరిచి ఉంది. లోపల సెల్వి సామాను లేదు. అవ్వ ఇనప పెట్టె, గ్యాసు స్టవ్వు, చాప ఉన్నాయి. నీలం రంగు గోడ నడుము ఎత్తు దాకా పొక్కులు పొక్కులుగా లేచింది, పొక్కుల కింద తెల్లటి పొడి. గోడ మీద చెమట పట్టినట్టు సన్నటి తడి. అవ్వ చాప మీద కూర్చొని వక్క కత్తిరిస్తోంది.

"ఇక్కడేం చేస్తున్నావవ్వా?"

"బాడిగకు వచ్చినాను."

కుప్పమ్మాళ్ నాలుగు రోజులు పెద్దాసుపత్రిలో ఉండి వచ్చిందట. ఊపిరి అందక, పడుకోలేక, కూర్చునే నిద్రపోయేదట. ఇంట్లో చెమ్మ ఉందా అని డాక్టరు అడిగాడట. ఆసుపత్రి నుంచి వాళ్ళను అవ్వ నేరుగా తన మొదటి ఇంటికి తీసుకుపోయి, తన సామాను ఇక్కడికి తెచ్చుకుంది.

"పురట్టాసిలో ఇల్లు మారతారా ఎవరన్నా?" అన్నాను.

"నెల చూసుకుంటా కూర్చుంటే ఆ ముసల్దానికి ఊపిరి ఆగుతుంది. నాకు ఒక ఇల్లు కావాల కదా. నీ కాడ ఒకటి ఖాళీ అయ్యింది."

"నువ్వు మా ఇంటికి రా అవ్వా. దీన్ని నేను బాగుచేయిస్తాను."

"బాగుచేయి. నేనుండగానే చేయి."

ఆమెకు డెబ్బై దాటాయి. ఆ గదిలో ఆమె చాప, ఆ గోడకు రెండు అడుగుల దూరంలో ఉంది. నేను ఎంత బతిమాలినా కదలలేదు. కోపంగా లేదు, నా మీద అలిగినట్టు కూడా లేదు. మా అన్నయ్యను పంపితే అతనికి టీ ఇచ్చి, అంగడిలో ఇత్తడి ధర ఎంతుందని అడిగి పంపేసింది. నేను సెలవు పెట్టి వచ్చాను. అనుమానాలను వరుసగా రాసి ఒక్కొక్కటే కొట్టేస్తూ పోయాను. నేల తవ్వి చూశాను, కింద తేమ లేదు. మురుగు కాలువలో రంగు నీళ్ళు పోసి చూశాను, ఎక్కడా ఇటు రాలేదు. కప్పు మీద నీళ్ళు కట్టి చూశాను. అన్నీ నేను మొదట చెప్పినట్టే ఉన్నాయి. నేను కొలిచినవాటిలో ఒక్కటీ తప్పు కాదు. గోడ మాత్రం మబ్బు పట్టినప్పుడల్లా తడుస్తోంది, ఎండ వస్తే ఆరి తెల్లబడుతోంది.

చివరికి గోడ అవతలికి పోయాను. అంతకుముందు పోవాలని తోచలేదు, ఎందుకంటే అది నేను కొన్న ఆస్తి కాదు. గోదాములో మేస్త్రీ ఒకడు లోపలికి తీసుకుపోయాడు. సరిగ్గా ఆ గోడకు ఆనించి, మనిషి ఎత్తున చింతపండు మూటలు అట్టీలుగా పేర్చి ఉన్నాయి. పురుగు పట్టకుండా, నల్లబడకుండా చింతపండును ఉప్పు వేసి తొక్కుతారు. ఎన్నేండ్లుగా ఇక్కడ పేరుస్తున్నారని అడిగితే, తాను పనిలో చేరకముందు నుంచీ అన్నాడు. అంతకాలం ఉప్పు ఇటుకల్లోకి దిగుతూనే ఉంది. ఉప్పు తిన్న ఇటుక గాలిలో తేమను తానే లాక్కుంటుంది. కింది నుంచి నీరు రానక్కరలేదు, పై నుంచి కారనక్కరలేదు. పూత వేస్తే పూతను తోసేస్తుంది. ఇది నా డిప్లొమా పుస్తకాల్లో కూడా ఉంది, ఒక పేరా. నేను వేలితో గోడను రుద్ది నాలుకకు ఆనించుకున్నాను. ఉప్పు.

తిరిగి వచ్చి అవ్వ ఎదుట కూర్చొని దారులు చెప్పాను. మొదటిది, లోపల ఖాళీ వదిలి ఇంకో గోడ కట్టడం. తొమ్మిది అడుగుల గది ఏడు అడుగులవుతుంది. "కాళ్ళు ముడుచుకొని పడుకునేవాళ్ళను వెతకాల" అంది. రెండోది, ఇంటిని మనుషులకు కాకుండా గోదాముకే సామాను పెట్టుకోవడానికి ఇవ్వడం. బాడిగ తక్కువ, కానీ వస్తుంది. ఈ దారి నాకు నచ్చింది. నా గొంతులో ఆ సంగతి తెలిసిపోయే ఉంటుంది. అవ్వ వక్క పక్కన పెట్టింది.

"అప్పుడు ఉప్పు ఇంట్లోకి వస్తుంది. తర్వాత నాలుగో ఇంటి గోడకు పోతుంది. చౌడు ఒక గట్టు దాటితే నిలవదు. నలభై ఏండ్లు పట్టొచ్చు. అప్పుడు నువ్వుంటావో లేదో, నేనైతే ఉండను. ఆ నాలుగో ఇంట్లో ఎవురో ఉంటారు కదా."

"మరి ఏం చేయమంటావు?"

"నేను బాడిగకుండేదాన్ని. ఓనరు ఖాళీ చేయమంటే చేస్తా. ఎందుకు ఖాళీ చేయాలో మాత్రం చెప్పాల."

బయట మళ్ళీ ముసురు పడుతోంది. ఆమె దగ్గలేదు గానీ, మాట్లాడేటప్పుడు మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటోంది. మూడు వారాల కిందట ఆమె ఊపిరి అలా లేదు. నేను ఆ గదిలో నాలుగుసార్లు కొలతలు తీశాను, ఆ ఊపిరిని మాత్రం అప్పుడే విన్నాను. నాకు బ్యాంకు కంతు గుర్తుంది, ఆ నెల తారీఖుతో సహా గుర్తుంది.

"ఈ ఇల్లు మనుషులు ఉండటానికి పనికిరాదవ్వా," అన్నాను. "తెలిసే ఇచ్చాను."

"తెలిసి కాదు. చెబితే వినక ఇచ్చినావు. అది వేరే." పెట్టె మూత వేసింది. "రేపు పొద్దున మోసే మనిషిని పంపు."

కార్తీకంలో ఐదో ఇంటి కప్పు తీయించాను. ముందు, వెనక గోడలు మోకాలెత్తుకు దించి, గోదాము గోడను, నాలుగో ఇంటిని విడదీసే ఖాళీ జాగా చేశాను. ఇప్పుడు గాలి ఆడుతుంది, చింతపండు కాలంలో ఆడవాళ్ళు అక్కడ కూర్చొని పని చేసుకుంటారు. ఆ బాడిగ లేని తేడా పూడ్చడానికి నేను హోసూరులో నలుగురితో కలిసి ఉన్న గదిలోనే ఇంకో రెండేళ్ళు ఉన్నాను. "ఐదు కొని నాలుగు పెట్టుకున్న వ్యాపారిని మన బజారులో మొదటిసారి చూస్తున్నా" అని అన్నయ్య చాలాకాలం ఏడిపించాడు. సెల్వివాళ్ళు అవ్వ ఇంట్లోనే ఉండిపోయారు. వాళ్ళను లేపడం ఆమెకు ఇష్టం లేకపోయింది. సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో తన ఏడో ఇల్లు ఖాళీ అయ్యేదాకా వాళ్ళతోపాటు అదే గదిలో పడుకుంది, తర్వాత ఆ ఏడో దానికి మారింది. మారేముందు అక్కడ ఒక రోజు సంగటి వండిందని వేరే చెప్పనక్కరలేదు.

ఆ తర్వాత ఆమె నాలుగేళ్ళు బతికింది. నాకు ఎప్పుడూ ఆ ఇంటి సంగతి ఎత్తి చూపలేదు. నిరుడు తై నెలలో, రెండు రోజుల జ్వరంతో, సేలంలో కూతురి ఇంట్లో పోయింది. పదకొండో రోజున సందులో అందరికీ అన్నం పెట్టారు. నేను వడ్డించి, చేయి కడుక్కొని, మొదటి ఇంటి అరుగు మీద కుప్పమ్మాళ్ పక్కన కూర్చున్నాను. ఆమెకు మేలయ్యింది, ఎండాకాలం మళ్ళీ సుత్తి పట్టుకుంటుంది. చాలా ఏళ్ళుగా చెప్పాలనుకున్నది అప్పుడు చెప్పాను. ఆ గోడ చెడ్డదని అవ్వ ముందే చెప్పిందని, నేను వినకుండా ఇచ్చానని.

"ఆమె చెప్పిందో లేదో నాకు తెలీదు తంబీ," అంది కుప్పమ్మాళ్. "నాకు మాత్రం పాలు పొంగించిన రోజే తెలిసింది. ముప్పై ఏండ్లు గోదాములో చింతపండుకు ఉప్పు తొక్కినాను. గోడ మీద చెయ్యి పెడితే తెలీదా?"

"నేను నెల నెలా ఫోను చేసి అడిగాను కదా పాట్టీ. బాగుందనే చెప్పారు."

"చెబితే ఏమంటావు? బాగాలేకుంటే ఖాళీ చేసుకోండి అంటావు. ఓనర్లు అదే కదా అనేది. ఆడిలో పిల్లల్ని పెట్టుకొని యాడికి పోతాం? నేనే సెల్వితో చెప్పినాను, అడిగితే బాగుంది అని చెప్పమ్మా అని."

"మరి అవ్వకు ఎవరు చెప్పారు?"

"ఎవురూ చెప్పలేదు. ఆసుపత్రికి పోయే ముందురోజు వచ్చింది. ఎట్లుంది అని అడగలేదు. నా పక్కన గోడకు ఆనుకొని కూర్చుంది. బియ్యం ధర, కూతురు, ఆమె ఊరి బోర్లు, ఏవేవో చెబుతా పొద్దు గూకేదాకా లేవలేదు. లేచి నిలబడేసరికి ఆమె రవిక వీపంతా తడి. ఆమె నన్ను చూసింది, నేను ఆమెను చూసినాను. అంతే."

ఇప్పుడు నెలాఖరు ఆదివారాలు నేను ఫోను చేయను. పోతాను. నాలుగు ఇండ్లలో ఏ ఇంటికి పోయినా గుమ్మంలోనే "అంతా బాగుంది సార్" అంటారు. సరే అని చెప్పులు విప్పి లోపలికి పోయి, గోడకు ఆనుకొని కూర్చుంటాను. టీ పెడతారు. పిల్లల బడి గురించి, లారీ బాడుగల గురించి మాట్లాడుకుంటాం. తొందరపడను. ఇంకేం లేదనిపించి నేను లేవబోయే వేళకు, ఎవరో ఒకరు తల తిప్పుకొని, "అదే సార్, వెనక తలుపు కింద కొంచెం..." అని మొదలుపెడతారు. నేను మళ్ళీ కూర్చుంటాను.